చికిత్స వేరు, నివాసం వేరు: ముప్పై రోజుల బేరం ఇక చాలు!



షోలాపూర్ తూర్పు భాగంలో ఏ సందులోకి పోయినా గోడల మీద రెండు రకాల ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఒకటి, "టవల్ కార్ఖానాకు కార్మికులు కావలెను". రెండవది, "దారూ మాన్పించబడును, 30 రోజులలో గ్యారంటీ". మొదటి దాంట్లో కూలి ఎంతో రాయరు. రెండవ దాంట్లో డాక్టరు ఎవరో రాయరు. ఈ రెండు గోడల మధ్యే మన కార్మికుని బతుకు నలిగిపోతున్నది.

కూలి రేట్లు, బోనసు, పి.ఎఫ్. గురించి రాసే ఈ పత్రికలో తాగుడు గురించి ఎందుకు అని కొందరు సభ్యులు అడగవచ్చు. మా కమిటీ ముందుకు వచ్చే అప్పు దరఖాస్తులు చూసినవారు ఆ ప్రశ్న వేయరు. ఆడబిడ్డ పెళ్లికి, ఆపరేషన్‌కు అని వచ్చే దరఖాస్తుల పక్కన ఇప్పుడు "వ్యసనముక్తి కేంద్రం ఫీజు కొరకు" అని వస్తున్నాయి. ఒకే ఇంటి నుంచి రెండోసారి, మూడోసారి వస్తున్నాయి. బీడీలు చుట్టే చెల్లెలు పుస్తెలు కుదువ పెట్టి కట్టిన డబ్బు అది. ఆ డబ్బు ఎవరి గల్లాలోకి పోతున్నదో, దానికి బదులు ఏమి వస్తున్నదో లెక్క అడిగే హక్కు యూనియన్‌కు ఉంది.

మూడోసారి దరఖాస్తు తెచ్చిన ఒక చెల్లెలు మమ్మల్ని అడిగిన మాట ఇది: "అన్నా, పైసలు కట్టిన. మనిషి నిజంగ మంచిగయ్యి వచ్చిండు, అన్నం తిన్నడు, పిల్లలతోని మాట్లాడిండు. ఇంటికొచ్చిన తొమ్మిదోనాడు మళ్ళ మొదలుపెట్టిండు. మందు పనిచెయ్యలేదా, ఇల్లు పనిచెయ్యలేదా?"

ఈ ప్రశ్నకు కేంద్రం వాళ్లు చెప్పే జవాబు ఒకటే: ఇంకొక ముప్పై రోజులు పెట్టండి. మా జవాబు వేరు. మందు పనిచేసింది. ఇల్లు లేదు. చికిత్స అనేది ఒకటి, మానిన తర్వాత మానినట్లుగా ఉండగలిగే నివాసం అనేది మరొకటి. రెండింటినీ ఒకే సంచిలో వేసి అమ్ముతున్నవాళ్లు మనల్ని మోసం చేస్తున్నారు. తెలియక కొంటున్నవాళ్లం మనం నష్టపోతున్నాం.

చికిత్స అంటే ఏమిటో ముందు చూద్దాం. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో పెద్ద తుఫాను లేస్తుంది. చివరి గ్లాసు తర్వాత కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేని మనుషులు కనబడతారు, జ్వరం, గుండెదడ వస్తాయి. డాక్టర్లు దీనిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సరిగా చూసుకోకపోతే ప్రాణం పోతుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించి, పొద్దున్నే శవాన్ని లేపిన ఇళ్లు మన పేటల్లో ఉన్నాయి.

ఈ దశలో కావలసింది డాక్టరు, నర్సు, మందు. డయాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందులు మొదట ఎక్కువగా ఇచ్చి రోజురోజుకూ తగ్గించుకుంటూ వారం, పది రోజులలో ఆపుతారు. బి1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్ ఇస్తారు. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు సీసా ఎక్కించి పంపేస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మీవాళ్లను ఎక్కడ చేర్చినా ఈ ఒక్క సంగతి నోరు తెరిచి అడగండి. జవాబు చెప్పలేని చోట చేర్చకండి.

కల్లు సంగతి కూడా ఇందులోనే ఉంది. మన పెద్దలు వచ్చిన పల్లెల్లో 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. నిజామాబాదు, మహబూబునగరు వైపు జనం పిచ్చెత్తినట్లు ప్రవర్తించి, ఫిట్స్ వచ్చి, ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపినవి ఆల్ప్రజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్. చెట్టు కల్లు అనుకుని తాగింది నిద్రమాత్రల నీళ్లు. దానిని ఒక్కనాడు ఆపితే శరీరం తిరగబడింది. దుకాణం మూసినంత మాత్రాన పని పూర్తికాదని, ఆపడానికి కూడా వైద్యం కావాలని అక్కడ కళ్లారా చూశాం.

ఒంట్లోని విషం దిగిన తర్వాత అసలు చికిత్స మొదలవుతుంది. ఎందుకు తాగుతున్నాం, ఏ వేళకు మనసు లాగుతుంది, లాగినప్పుడు ఏం చేయాలి అనే విషయాలను సలహాదారులతో, తోటి రోగులతో కూర్చుని నేర్చుకోవడం. పుణేలో డాక్టర్ అనిల్ అవచట్, డాక్టర్ అనితా అవచట్ దంపతులు 1986లో మొదలుపెట్టిన ముక్తాంగణ్‌లో ఇది 35 రోజుల కార్యక్రమం. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు 1980లో స్థాపించిన టి.టి.కె. ఆసుపత్రి దేశంలో ఈ రంగంలో తొలి సంస్థలలో ఒకటి. ఇటువంటి చోట్ల భార్యను, తల్లిని కూడా కూర్చోబెట్టి మాట్లాడతారు, ఎందుకంటే తాగుడు ఇంటిల్లిపాదికీ తగిలిన దెబ్బ. చికిత్సను మేము తక్కువ చేసి మాట్లాడటం లేదని సభ్యులు గమనించాలి. అది లేకపోతే మనిషే దక్కడు.

అయితే అక్కడ మన కార్మికుడు రోగి. అతనికి మంచం, కేస్ పేపరు ఉంటాయి. వేళకు లేపుతారు, వేళకు తినిపిస్తారు. పనికి పోడు, కూలి రాదు, జేబులో పైస ఉండదు, వీధిలో దుకాణం కనబడదు. తాగే అవకాశమే లేని చోట తాగకుండా ఉండటం అతను నేర్చుకుంటాడు. ముప్పై ఐదో రోజున డిశ్చార్జి కాగితం చేతికిస్తారు. ముప్పై ఆరో రోజున ఎక్కడ పడుకుంటాడు? చికిత్సకు అంచు అక్కడే ఉంది. ఆ అంచు మీద నుంచే మనవాళ్లు పడిపోతున్నారు.

అతను వచ్చేది ఎక్కడికి? పది అడుగుల గదిలో ఆరుగురు. గోడకు అవతల హాత్‌భట్టి. పెళ్లికానివాడు, పల్లె నుంచి ఒంటరిగా వచ్చినవాడు అయితే సాంచాల మధ్యనే చాప పరుచుకునేది, పక్క చాప మీద సీసా. హప్తా రోజు సాయంత్రం డబ్బు చేతికి వచ్చే చోటికీ దుకాణానికీ మధ్య దూరం వంద అడుగులు. రాత్రి పాళీలో పన్నెండు గంటలు నిలబడిన నడుము నొప్పికి మందు ఏదని అడిగితే జాబర్ కూడా ఆ దుకాణమే చూపిస్తాడు. ఈ మనిషిని పట్టుకుని "మనసు గట్టిగా పెట్టుకో" అనడం, తెగిన పడుగును కోప్పడితే అతుక్కుంటుందని అనుకోవడం లాంటిది.

ఇక రెండవది, నివాసం. దీనికి మన భాషలో ఇంకా పేరు కుదరలేదు. కోలుకునే ఇల్లు అందాం. ఇది ఆసుపత్రి కాదు, ఇక్కడ డాక్టరు ఉండడు, మందులు ఇవ్వరు, కేస్ పేపరు రాయరు. ఇది మామూలు అద్దె ఇల్లు. తాగుడు మానిన ఎనిమిది, పది మంది అందులో కలిసి ఉంటారు. పొద్దున పనికి పోతారు, కూలి తెచ్చుకుంటారు, అద్దెలో తమ వాటా కడతారు, వంతుల వారీగా వండుకుంటారు. వారానికొకసారి అందరూ కూర్చుని లెక్కలు, తగాదాలు తేల్చుకుంటారు. ఇంట్లో మందు అనేదే ఉండకూడదన్నది మార్చలేని కట్టుబాటు. అతను అక్కడ రోగి కాదు, అద్దెదారు. తలుపుకు బయట గొళ్లెం ఉండదు. ఇన్ని రోజులే అనే లెక్క కూడా ఉండదు, ఆరు నెలలు పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. దుకాణం ముందు నుంచే నడిచి ఇంటికి వస్తాడు, కానీ ఇంట్లో అతని కోసం ఎదురుచూసేవాళ్లు కూడా అదే దారిన నడిచి వచ్చినవాళ్లు.

ఇది మా ఊహ అనుకోకండి. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్ అనే ఊరిలో 1975లో ప్రభుత్వ సహాయంతో నడిచే ఇటువంటి ఒక ఇల్లు డబ్బు లేదని మూతపడబోయింది. అందులో ఉన్నవాళ్లు వీధిన పడటానికి సిద్ధపడలేదు. మేనేజరు, ఉద్యోగులు లేకుండా ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకున్నారు. పాల్ మొల్లాయ్ అనే ఆయన వారిలో ముఖ్యుడు. పదవులు ఎన్నికతో, ఖర్చు సమానంగా, తాగినవాడు బయటికి - ఇవే వారి నియమాలు. దానికి ఆక్స్‌ఫర్డ్ హౌస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు అటువంటి ఇళ్లు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. 1988లో అక్కడి కేంద్ర చట్టం, ఇటువంటి ఇల్లు మొదలుపెట్టుకోవడానికి రాష్ట్రాలు చిన్న అప్పులు ఇవ్వాలని ఏర్పాటు చేసింది. యూనియన్ అంటే ఏమిటో తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. యజమాని లేకుండా కార్మికులే నడుపుకునే సహకార సంఘం అది.

ఫలితం సంగతి. డీపాల్ విశ్వవిద్యాలయానికి చెందిన లెనార్డ్ జేసన్ బృందం 2006లో ఒక పరిశోధన ప్రకటించింది. ఆసుపత్రి చికిత్స ముగించుకున్న 150 మందిని చీటీలు వేసినట్లుగా రెండు భాగాలు చేశారు. సగం మందిని ఈ ఇళ్లకు పంపారు, సగం మందిని మామూలు పద్ధతిలో ఎవరి దారిన వారిని వదిలారు. రెండేళ్ల తర్వాత చూస్తే, ఇళ్లలో ఉన్నవారిలో మళ్లీ మొదలుపెట్టినవారు సుమారు 31 శాతం. మిగతా సగంలో సుమారు 65 శాతం. పనిలో ఉన్నవారు అక్కడ 76 శాతం, ఇక్కడ 49 శాతం. రెండు సగాలవారికీ చికిత్స అందిందని గమనించండి. ఆ తర్వాత ఇల్లు దొరికిందా లేదా అన్నదే తేడా. ఆ చెల్లెలు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు మాకు కనబడలేదు.

ఇప్పుడు బేరగాళ్ల సంగతి. వీళ్లు చేసేది రెండు రకాల మోసం. ఒకటి, నాలుగు గదుల ఇల్లు తీసుకుని, ఇనుప తలుపు పెట్టి, "చికిత్స" అని బోర్డు కట్టి చికిత్స ధర వసూలు చేయడం. డాక్టరు వారానికొకసారి కూడా రాడు. వణుకుతూ వచ్చిన మనిషిని అటువంటి చోట పడేస్తే ఫిట్స్ వచ్చిన రాత్రి చూసే దిక్కుండదు. రెండు, చికిత్స ఎప్పుడో ముగిసి, పనికి పోగలిగిన మనిషిని "ఇంకా కుదరలేదు" అని నెలల తరబడి లోపల కూర్చోబెట్టి రోజుకింత అని గుంజడం. అంటే వైద్యం కావలసినవానికి లాడ్జి, ఇల్లు కావలసినవానికి జైలు. ఇందులో ఇంకో ఘోరం, అర్ధరాత్రి బండి తెచ్చి మనిషిని కట్టేసి ఎత్తుకుపోవడం. కట్టేసిన మనుషులకు ఏమవుతుందో 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో దేశమంతా చూసింది. గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు, 28 మంది, మంటల్లో కదలలేక కాలిపోయారు.

చట్టం ఏమంటుందో చదువుకోండి. 2018లో అమలులోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య చట్టం, తాగుడు, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక జబ్బు కిందనే లెక్కిస్తుంది. ఇటువంటి రోగులను చేర్చుకుని చికిత్స చేసే సంస్థ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ వద్ద రిజిస్టరు కావాలి. రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టరాదు. బలవంతంగా గుండు కొట్టించరాదు. బలవంతంగా పని చేయించరాదు, చేయిస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. తన ఇష్టంతో చేరిన మనిషి వెళతానంటే పంపాలి, అవసరమనిపిస్తే డాక్టరు పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపవచ్చు. తనకు తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నవాణ్ణి చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు మానసిక వైద్యుడై ఉండాలి, గడువు 30 రోజులు. ఈ ముప్పై రోజుల అంకెనే బేరగాళ్లు గ్యారంటీ కార్డుగా మార్చి గోడల మీద రాసుకున్నారు!

"రోగికి తెలియకుండా అన్నంలో కలపండి" అని అమ్మే పొడుల గురించి కూడా ఒక మాట. మద్యం మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది మింగి తాగితే ఒళ్లు మండి, రక్తపోటు పడిపోయి, గుండెకు ముప్పు వస్తుంది. అందుకే రోగికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇస్తారు. తెలియకుండా కలపడం అంటే భర్తకు విషం పెట్టడమే. తల్లులు, చెల్లెళ్లు దీనికి దూరంగా ఉండాలి.

యాజమాన్యాల వైఖరి మరీ విచిత్రం. "ఒకసారి పంపించాం, బాగుపడలేదు, ఇక వద్దు" అంటారు. పంపించిన ఖర్చు అడ్వాన్సు ఖాతాలో రాసుకున్న సంగతి చెప్పరు. బాకీ తీరేదాకా అదే సాంచా, అదే షెడ్డులో పడక, అదే రాత్రి పాళీ. సాంచా షాఫ్టు విరిగితే కొత్తది వేసి ఊరుకోరు, ఎందుకు విరిగిందో చూసి బేరింగు కూడా మారుస్తారు. మనిషి విషయానికి వచ్చేసరికి బేరింగు గుర్తుండదు. ఇ.ఎస్.ఐ.లో జబ్బుకు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం ఇచ్చే ఏర్పాటు ఉంది. అది అందాలంటే కార్మికుని పేరు రిజిస్టరులో ఉండాలి కదా! పదిమందికి లోపు చూపడానికి ఒకే షెడ్డును మూడు పేర్లతో రాసే కార్ఖానాదారులు, కార్మికుడు తాగుబోతు అని నీతులు చెప్పడానికి మాత్రం అందరికన్నా ముందుంటారు.

ప్రభుత్వం మాటకు వస్తే, కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, మద్యం సమస్యకు సహాయం అవసరమైనవారు దేశంలో 5.7 కోట్ల మంది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒకరికి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. మంచాల సంగతే ఇట్లా ఉంటే, ఆ తర్వాతి ఇంటి సంగతి పట్టించుకునే నాథుడెవరు? అదే 2017 చట్టం సగం దారి ఇళ్లు, ఆసరా నివాసాలు ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత అని 18వ సెక్షన్‌లో రాసింది. కాగితం మీద ఉన్న ఆ ఇంటి తాళం చెవి మన పేటల దాకా రాలేదు.

మా సభ్యులలోనే కొందరు అడుగుతున్నారు, పెళ్లాం పిల్లలు ఉండగా వేరే ఇల్లేమిటి, ఇది సంసారాలు విడదీయడం కాదా అని. అందరికీ ఇది అవసరమని మేము అనడం లేదు. ఇల్లు నిబ్బరంగా ఉన్నవానికి, అన్నదమ్ములు తాగనివాళ్లు ఉన్నవానికి, ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి పోయి, రోజూ సాయంత్రం ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకు పోతే సరిపోవచ్చు. దానికి ఫీజు కూడా లేదు. మేము మాట్లాడుతున్నది ఒంటరి కార్మికుని గురించి, షెడ్డులో పడుకునేవాని గురించి, గోడకు అవతల భట్టి ఉన్నవాని గురించి. అటువంటివాడు ఆరు నెలలు నాలుగు వీధుల అవతల ఉండి, ఆదివారం ఆదివారం పిల్లలను చూసి, కూలి డబ్బు భార్య చేతికి ఇవ్వడం సంసారం విడదీయడమా? ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఏమంటారు మరి?

ఖర్చెక్కడిది అనేది రెండో ప్రశ్న. లెక్క వేసి చూడండి. మూడు గదుల ఇంటికి అద్దె 12,000, కరెంటు, నీళ్లకు 2,000 అనుకుంటే, ఎనిమిది మందికి మనిషికి నెలకు 1,750 రూపాయలు. తిండి ఎవరైనా తినేదే. కేంద్రాలవాళ్లు అడిగే సొమ్ముతో దీన్ని పోల్చుకోండి, రసీదులు మీ ఇంట్లోనే ఉన్నాయి.

ఈ ఇళ్ల పేరుతో కూడా దోపిడీ జరగవచ్చు, దాచడం ఎందుకు? అమెరికాలోనే అరిజోనా రాష్ట్రంలో, ఆదివాసులను బండ్లలో తెచ్చి ఇటువంటి ఇళ్లలో పెట్టి, చేయని చికిత్సకు ప్రభుత్వం నుంచి బిల్లులు లాగిన పెద్ద కుంభకోణం 2023లో బయటపడింది. అక్కడ కూడా మోసం ఇదే, ఇంటిని ఆసుపత్రిగా చూపించి లెక్క రాయడం. అందుకే ఇల్లు కాంట్రాక్టరు చేతిలో పెట్టకూడదు, ఉండేవాళ్ల చేతిలోనే ఉండాలి, లెక్కల పుస్తకం గోడకు వేలాడాలి. ఇంకొక విషయంలో మేము ఆక్స్‌ఫర్డ్ హౌస్ వాళ్లతో పూర్తిగా ఏకీభవించడం లేదు. తాగి వచ్చినవాణ్ణి ఇంట్లో ఉంచకూడదన్నది సరే, మిగతా ఏడుగురి ప్రాణం ముఖ్యం. కానీ అర్ధరాత్రి రోడ్డు మీదికి నెట్టడం మన పద్ధతి కాకూడదు. ఇద్దరు తోడు పోయి సివిల్ ఆసుపత్రిలో చేర్చి రావాలి. అతని చోటు కొంతకాలం అట్టే పెట్టాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్లు ఓటు వేసి తేల్చుకోవాలి.

ఇల్లు అంటే ఏమిటో షోలాపూర్ కార్మికునికి ఎవరూ నేర్పనక్కరలేదు. కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం గోదూతాయి పరుళేకర్ పేరుతో 10,000 ఇళ్లు లేచి 2006లో చేతికందాయి. నరసయ్య ఆడం మాస్టరు నాయకత్వంలో పోరాడి సాధించిన రే నగర్ 30,000 ఇళ్ల పథకంలో మొదటి 15,000 ఇళ్లు 2024 జనవరిలో ప్రధానమంత్రి చేతుల మీదుగా కార్మికులకు దక్కాయి. ఏ జెండా కింద ఉన్నవారైనా ఒప్పుకోవలసిన సంగతి ఇది. వేల ఇళ్లు అడిగి తెచ్చుకున్న ఊరు, కోలుకునేవాళ్ల కోసం పది ఇళ్లు అడగలేదా?

కాబట్టి మా కమిటీ తీర్మానించినది ఇది. మన హప్తా నుంచి, యాజమాన్యాల నుంచి డబ్బు వసూలు చేసే మహారాష్ట్ర కామగార్ కల్యాణ్ మండలి, ఆ నిధి నుంచి షోలాపూర్‌లో రెండు కోలుకునే ఇళ్లకు మొదటి ఏడాది అద్దె, సామాను ఖర్చు భరించాలి. అందులో ఒకటి స్త్రీలకు ఉండాలి, తాగుడు మగవాళ్ల జబ్బే అనుకోవడం మన కళ్లు మూసుకోవడమే. చికిత్సకు పోయిన కార్మికుని సాంచా మూడు నెలలు అతని పేరు మీదే ఉండాలి, ఆ ఖర్చు అడ్వాన్సులో రాయకూడదు, తిరిగి వచ్చిన మొదటి ఆరు నెలలు రాత్రి పాళీ వేయకూడదు. ఈ మూడు మాటలు కూలి ఒప్పందంలో చేర్చమని కార్ఖానాదారుల సంఘానికి రాస్తున్నాం. రిజిస్ట్రేషను లేకుండా నడుస్తున్న కేంద్రాల మీద చర్య తీసుకోమని జిల్లా కలెక్టరుకు అర్జీ తయారవుతున్నది.

అర్జీకి సాక్ష్యం కావాలి. ఏ కేంద్రంలోనైనా డబ్బు కట్టినవారు రసీదు, డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, ఏది ఉంటే అది వచ్చే రెండు ఆదివారాలలో పొద్దున పది నుంచి ఒంటిగంట లోపల యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. జిరాక్సు తీసుకుని అసలు కాగితం వెంటనే తిరిగి ఇస్తాం, పేర్లు బయటపెట్టము. రసీదే ఇవ్వలేదంటే ఆ మాటే రాయించి సంతకం చేయండి. ఇంట్లో ఎవరైనా ఇప్పుడే మానడానికి సిద్ధంగా ఉంటే ఆదివారం దాకా ఆగవద్దు, కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను 14446కు చేయండి, లేదా మా ఆఫీసులో ఎవరినైనా పట్టుకోండి. సివిల్ ఆసుపత్రి దాకా మనిషిని తోడు పంపుతాం.